ఇంట్లో చేసే కత్తికి ఏ ఉక్కు తీసుకోవాలి? గట్టిపరచడంలో ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ప్రశ్న

అందరికీ నమస్కారం. తీరిక వేళల్లో కత్తులు చేయడం నేర్చుకుంటున్నాను. నా దగ్గర అగ్ని ఇటుకలు పేర్చి కట్టుకున్న చిన్న గ్యాసు కొలిమి, ఒక గ్రైండరు, ఆకురాళ్లు, పట్టకారు, ఒక అయస్కాంతం ఉన్నాయి. వేడిని లెక్క ప్రకారం నిలబెట్టే విద్యుత్ కొలిమి లేదు, ఇప్పట్లో కొనే ఆలోచనా లేదు. ఇంతవరకు రెండు కత్తులు చేశాను, రెండూ చెడిపోయాయి.

మొదటిది పాత లారీ కమాను పట్టీ నుంచి కోసి చేశాను. అయస్కాంతం అంటుకోవడం మానగానే కొలిమిలోంచి తీసి, ఇంజనులోంచి దించిన పాత నూనెలో ముంచాను. చల్లారాక ఆకురాయితో గీసి చూస్తే లోహం సులువుగానే రాలింది. పదును పెట్టి నాలుగు రోజులు వాడేసరికి అంచు ఒక పక్కకు ఒరిగిపోయింది. విరగదు, పెచ్చు లేవదు, కానీ పదును నిలవదు.

రెండోది పాత ఆకురాయితో చేశాను. మొదటిసారి వేడి చాలలేదేమోనన్న అనుమానంతో ఈసారి నారింజ రంగు దాటి పసుపులోకి వచ్చేదాకా కాల్చాను. నూనె మీద నమ్మకం పోయింది కనుక నీళ్లలో ముంచాను. ముంచిన రెండు మూడు క్షణాలకే ‘టింగు’మని సన్నని చప్పుడు వినిపించింది. తుడిచి చూస్తే అంచు నుంచి వీపు వైపు వెంట్రుకంత నెర్ర కనిపించింది. మర్నాడు బల్ల అంచుకు ఆనించి కాస్త నొక్కగానే అది గాజుపలకలా విరిగింది. విరిగిన చోట పంచదార పలుకుల్లాంటి గింజలు తళతళలాడుతున్నాయి.

మూడో ప్రయత్నంగా 15 సెంటీమీటర్ల అలుగుతో వంటింటి కత్తి చేయాలనుకుంటున్నాను. దానికి ఏ ఉక్కు తీసుకోవాలి? తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ ఉక్కును ఈ కొలిమిలో గట్టిపరచగలనా? పరికరం లేకుండా వేడిని ఎలా పోల్చుకోవాలి? టెంపరింగ్‌కు, అంటే గట్టిపడిన ఉక్కు పెళుసుదనం తగ్గేలా మళ్లీ కాస్త వేడి చేయడానికి, ఇంట్లో వాడే ఓవెన్‌ను నమ్మవచ్చా?

మొదటి జవాబు

మీ రెండు కత్తులూ వేర్వేరు కారణాల వల్ల చెడ్డాయి. ఆ కారణాలు తెలిస్తే ఏ ఉక్కు తీసుకోవాలన్నది చాలావరకు దానంతట అదే తేలుతుంది కాబట్టి ముందు వాటి సంగతి చూద్దాం. నేను రాసే డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.

ఉక్కు వేడి 727 డిగ్రీలు దాటినప్పుడు దాని లోపలి అమరిక మారడం మొదలై, అంతవరకు సన్నని కార్బైడ్ (కార్బన్, లోహం కలిసిన గట్టి పదార్థం) పొరలుగా విడిగా ఉన్న కార్బన్ ఇనుములో కరుగుతుంది. ఆ స్థితిని ఆస్టెనైట్ అంటారు. అప్పుడు ఒక్కసారిగా చల్లారిస్తే కరిగిన కార్బన్‌కు బయటపడే వ్యవధి దొరక్క లోపలే ఇరుక్కుపోతుంది. ఆ ఇరుకు వల్ల వచ్చే గట్టి స్థితి మార్టెన్‌సైట్. మెల్లగా చల్లారనిస్తే కార్బన్ మళ్లీ పొరలుగా విడిపోయి ఉక్కు మెత్తబడుతుంది.

మీ మొదటి కత్తిలో కార్బన్ తగినంత కరగలేదు. అయస్కాంతం సుమారు 770 డిగ్రీల దగ్గర వదిలేస్తుంది. కమాను పట్టీలకు తరచుగా వాడే 5160 రకంలో 0.6 శాతం కార్బన్‌తో పాటు 0.8 శాతం దాకా క్రోమియం ఉంటుంది. ఆ క్రోమియం కార్బైడ్లను తేలిగ్గా కరగనివ్వదు కనుక దానికి 830 దరిదాపుల వేడి, ఆ వేడి దగ్గర కొన్ని నిమిషాల నిలకడ కావాలి. అయస్కాంతం వదలడం ‘ఇంకాస్త కావాలి’ అని చెప్పే గుర్తే గాని ‘అయిపోయింది’ అని చెప్పే గుర్తు కాదు. కొత్తగా చేసేవారిలో సగం మంది ఇక్కడే పొరబడతారు, నేనూ పొరబడ్డాను.

రెండో కత్తిలో జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. పసుపు రంగు వచ్చిందంటే 1000 డిగ్రీలు దాటినట్టే. అంత వేడిలో ఉక్కులోని స్ఫటిక రేణువులు ఒకదాన్నొకటి మింగుతూ పెద్దవవుతాయి, మీరు చూసిన పంచదార పలుకులు అవే. పెద్ద రేణువుల ఉక్కు ఎంత గట్టిదైనా పెళుసుగానే ఉంటుంది. పైగా మార్టెన్‌సైట్‌గా మారేటప్పుడు ఉక్కు ఉబ్బుతుంది. పలుచని అంచు ముందు మారి, మందపు వీపు తరువాత మారడంతో రెండింటి మధ్య లాగులాట పుడుతుంది, నీళ్లలో ఆ తేడా మరీ తీవ్రంగా ఉంటుంది. మీరు విన్న ‘టింగు’ శబ్దం దాని ఫలితమే. కర్మాగారాల్లో ఆకురాళ్లను ఉప్పునీటిలోనే ముంచి గట్టిపరుస్తారన్నది నిజమే. అయితే వారికి వేడి మీద అదుపు ఉంటుంది, ఆకురాయికి పలుచని అంచూ ఉండదు.

ఇక ఉక్కు విషయానికి వస్తే, మీ కొలిమికి తగినది 1084. ఈ వరుసలో చివరి రెండు అంకెలు కార్బన్‌ను శాతంలో నూరో వంతులుగా చెబుతాయి, అంటే ఇందులో సుమారు 0.84 శాతం కార్బన్ ఉంటుంది. సాదా కార్బన్ ఉక్కులో 0.77 శాతం దగ్గర ఒక సమతూకం ఉంది. ఆ మేరకు కార్బన్ ఉన్న ఉక్కు అతి తక్కువ వేడికే పూర్తిగా ఆస్టెనైట్ అవుతుంది, కరగడానికి మొండికేసే మిగులు కార్బైడ్లు దాదాపు ఉండవు. 1084 దానికి చాలా దగ్గర్లో ఉంది కనుక 800 నుంచి 815 డిగ్రీలకు చేర్చి, ఆ వేడి అలుగంతటా సమంగా పరుచుకునేంతసేపు ఉంచితే చాలు. ఇందులో 0.6 నుంచి 0.9 శాతం దాకా ఉండే మాంగనీసు చల్లార్చేటప్పుడు మనకు కాస్త వ్యవధి ఇస్తుంది. 1095లో కార్బన్ ఎక్కువ, మాంగనీసు తక్కువ. దాన్ని 800 నుంచి 540కి సుమారు ఒక్క సెకనులో దించలేకపోతే అక్కడక్కడ మెత్తని మచ్చలు మిగులుతాయి, మామూలు వంటనూనెకు అంత వేగం ఉండదు. 1084 దొరక్కపోతే 1075 గాని 80సీఆర్‌వీ2 గాని తీసుకోండి, రెండూ ఇలాంటి కొలిమికి ఒదిగేవే.

ఓ1 మంచి ఉక్కే, నూనెలో హాయిగా గట్టిపడుతుంది. కాని దాని గుణం పూర్తిగా రావాలంటే 800 దగ్గర పది ఇరవై నిమిషాలు నిలకడగా ఉంచాలి, చేతి అంచనాతో నడిచే కొలిమిలో అది కష్టం. బేరింగుల ఉక్కుదీ అదే ఇబ్బంది. 52100, ఈఎన్31, 100సీఆర్6, ఎస్‌యూజే2 అని వేర్వేరు దేశాల ప్రమాణాల్లో వేర్వేరు పేర్లతో కనిపించేది దాదాపు ఒకటే ఉక్కు అని గుర్తుంచుకుంటే కొనేటప్పుడు తికమక పడరు.

స్టెయిన్‌లెస్ ఆలోచన ఇప్పటికి మానుకోండి. ఏఈబీ-ఎల్, 440సీ వంటి వాటికి 1000 డిగ్రీలు దాటిన వేడిని కచ్చితంగా కొన్ని నిమిషాలు నిలపాలి, గాలి తగలకుండా రేకులో చుట్టాలి, బయటికి తీశాక అల్యూమినియం దిమ్మెల మధ్య నొక్కి చల్లార్చాలి. చెంచాలు, గిన్నెలు చేసే 304 రకమైతే ఎలా కాల్చి ముంచినా గట్టిపడనే పడదు. కార్బన్ ఉక్కు కత్తిని వాడిన వెంటనే కడిగి తుడిచే అలవాటు చేసుకుంటే తుప్పు పెద్ద సమస్య కాదు.

రెండో జవాబు

ఉక్కు గురించి పై జవాబుతో నాకు పేచీ లేదు. వేడిని పోల్చుకోవడం, ముంచడం, టెంపరింగ్ గురించి నా అనుభవం రాస్తాను.

అన్నిటికంటే ముందు పని చేసే చోట వెలుతురు తగ్గించండి. ఎండలో దానిమ్మ గింజలా కనిపించే ఎరుపు, నీడలో నారింజలా కనిపిస్తుంది. ఒక రోజు పొద్దున, ఇంకో రోజు సాయంత్రం చేస్తే మీ కళ్లే మిమ్మల్ని మోసం చేస్తాయి. మసక గదిలో అలుగును నెమ్మదిగా వేడి చేస్తూ దాని మీదే చూపు నిలపండి. ఎర్రబడిన ఉక్కు లోపలి అమరిక మారేటప్పుడు వేడిని పీల్చుకుంటుంది కనుక, ఆ మారే చోట ఒక మసక నీడ పుట్టి, నీటి మీద మబ్బు నీడలా అలుగు వెంబడి మెల్లగా జరుగుతుంది. నీడ పూర్తిగా తొలగిపోయి రంగు అంతటా ఒకేలా అయ్యాక ఇంకొక్క మెట్టు ప్రకాశం పెరగనివ్వండి. 1084కు తగిన వేడి దాదాపు అదే. ఒకసారి ఈ నీడను గుర్తు పట్టినవారికి అయస్కాంతంతో పెద్దగా పని ఉండదు.

కంటికి తర్ఫీదు ఇవ్వడానికి ఉప్పు ఉపయోగపడుతుంది. మామూలు ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పనికిరాని ఉక్కు ముక్క మీద నాలుగు పలుకులు వేసి కొలిమిలో పెడితే, అవి కరిగి తడిలా పరుచుకున్న క్షణాన ఉక్కు రంగు ఎలా ఉందో చూసి మనసులో పెట్టుకోవచ్చు. అసలు కత్తి మీద మాత్రం వేయకండి, ఉప్పు ఉక్కును తినేస్తుంది. తరువాత ఎప్పుడైనా కొంత ఖర్చు పెట్టగలిగితే కె-రకం థర్మోకపుల్ (కొలిమి వేడిని కొలిచే తీగ పరికరం) ఒకటి కొనండి. ఒక కొస మూసిన మందపాటి ఇనుప గొట్టాన్ని కొలిమిలో పెట్టి, అలుగును ఆ గొట్టం లోపల కాల్చితే మంట నేరుగా తగలదు, మొనా అంచూ ముందే మాడిపోవు. గొట్టానికి జింకు పూత ఉండకూడదు, వేడికి ఆ పూత వదిలే పొగ ఊపిరితిత్తులకు హానికరం.

సుత్తితో సాగదీసి చేసినట్లయితే గట్టిపరచడానికి ముందు నార్మలైజింగ్ తప్పనిసరి. మొదట 870 దాకా, రెండోసారి 815 దాకా, మూడోసారి 760 దాకా కాల్చి, ప్రతిసారీ రంగు పూర్తిగా పోయి నల్లబడేదాకా కదలని గాలిలో చల్లారనివ్వాలి. ఒక్కొక్క విడతకు పాత రేణువుల స్థానంలో చిన్న రేణువులు కొత్తగా పుడతాయి. మీరు పసుపు రంగుదాకా కాల్చిన ఆకురాయిని కూడా నీళ్లలో ముంచకముందు ఈ పద్ధతితో చాలావరకు బాగుచేయగలిగేవారు. పలక నుంచి నేరుగా కోసి చేస్తున్నప్పుడు దీని అవసరం తక్కువ, చేసినా నష్టం లేదు.

ముంచే ముందు అంచును పదును చేయకండి. ఒక మిల్లీమీటరుకు కాస్త తక్కువ మందం ఉంచండి, లేకపోతే అది నూనెలో అలలు అలలుగా వంకర పోతుంది. కొలిమిలో పైపొర నుంచి కొంత కార్బన్ కాలిపోతుంది కూడా, తరువాత ఆ పొరను అరగదీయడానికి మందం కావాలి. పిడి చీలల రంధ్రాలు ముందే వేసుకోండి. అలుగు మీద అడ్డంగా పడిన గ్రైండరు గీతలను నిలువు గీతలుగా మార్చేదాకా ఆకురాయితో నున్న చేయండి. అడ్డ గీత ప్రతిదీ నెర్రకు దారి చూపించేదే.

ఇంజను పాత నూనె పారేయండి. దానిలోని లోహపు మురికి, రసాయనాలు పొగగా మీ ఊపిరిలోకి వెళతాయి, పైగా అది చిక్కగా ఉండి మెల్లగా చల్లారుస్తుంది. కనోలా వంటి పల్చని వంటనూనె నాలుగైదు లీటర్లు లోతైన ఇనుప డబ్బాలో పోసి, 50 నుంచి 60 డిగ్రీలకు వెచ్చబెట్టండి. వెచ్చని నూనె చల్లని నూనె కంటే త్వరగా చల్లార్చడం వింతగా అనిపిస్తుంది గాని, వెచ్చబడితే నూనె పలచబడి అలుగు చుట్టూ ఏర్పడే ఆవిరి పొరను తొందరగా చీల్చగలుగుతుంది. కొలిమి నుంచి నూనెకు దూరం ఒక్క అడుగు మించకుండా చూసుకుని, మొన కిందికి ఉండేలా నిటారుగా ముంచి, పైకీ కిందికీ ఆడించండి. పక్కలకు ఊపితే ఒక వైపు ముందు చల్లారి అలుగు వంగుతుంది. అలుగు మొత్తం మునగాలి. సగం ముంచి ఆగితే నూనె భగ్గుమంటుంది. డబ్బాకు సరిపోయే ఇనుప మూత చేతికందేలా ఉంచుకోండి, మంట లేస్తే మూత వేయాలి గాని నీళ్లు చల్లకూడదు. ఈ పని ఆరుబయట గాని, గాలి బాగా ఆడే చోట గాని మాత్రమే చేయాలి.

చేయి పట్టుకోగలిగేంత చల్లబడిన వెంటనే ఓవెన్‌లో పెట్టండి. గట్టిపడి టెంపరింగ్ కాని అలుగును రాత్రంతా బల్ల మీద వదిలేస్తే పొద్దునకు దానంతటదే పగిలి ఉండవచ్చు. 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, గది వేడికి చల్లార్చి మళ్లీ రెండు గంటలు ఉంచితే 1084 రాక్‌వెల్ సీ కొలతలో 60 దరిదాపుల్లో నిలుస్తుంది, వంటింటి కత్తికి అది చక్కని గట్టిదనం. ఇంటి ఓవెన్ మీటను నమ్మకండి, అది చూపే అంకెకు అటూ ఇటూ పదిహేను ఇరవై డిగ్రీలు ఊగడం మామూలే. పళ్లెంలో పొడి ఇసుక పోసి, అలుగును అందులో పాతిపెట్టి, పక్కనే వేరే థర్మామీటరు గుచ్చితే ఆ ఊగులాట చాలా తగ్గుతుంది. తీసేసరికి శుభ్రం చేసిన ఉక్కు మీద లేత ఎండుగడ్డి రంగు కనిపించాలి. గోధుమ రంగులోకి వెళ్లిందంటే ఎక్కువైంది, నెమలికంఠం రంగు వచ్చిందంటే 300 తాకింది, అప్పుడు మళ్లీ మొదటి నుంచి గట్టిపరచాల్సిందే. తరువాత గ్రైండరు మీద పదును పెట్టేటప్పుడూ ఇదే రంగు అంచున పొడసూపుతుంది కనుక, తొడుగుల్లేని వేళ్లతో పట్టుకుని వేడి తెలియగానే నీళ్లలో ముంచుతూ ఉండండి.

మూడో జవాబు

పై ఇద్దరూ పాత ఇనుమును మరీ తేలిగ్గా తీసిపారేశారని నాకనిపిస్తోంది. కమాను పట్టీతో చేసిన దృఢమైన నరుకుడు కత్తి నా దగ్గర చాలా ఏళ్లుగా పని చేస్తోంది. వంటింటి కత్తికి 1084 అన్న మాటతో నాకూ విభేదం లేదు, కాని దెబ్బ తట్టుకోవాల్సిన కత్తికి 5160ను మించినది ఈ స్థాయి పనిలో దొరకడం కష్టం.

అసలు ఇబ్బంది ఆ పట్టీ ఏ రకమో మనకు తెలియకపోవడం. దానికి ఓపికతో చేయాల్సిన ఒక పరీక్ష ఉంది. పట్టీ కొస నుంచి వేలెడంత ముక్కలు నాలుగు కోయండి. ఒక్కొక్క దాన్ని వేర్వేరు వేడికి చేర్చి, అంటే నీడ తొలగగానే ఒకటి, ఇంకాస్త ప్రకాశం వచ్చాక ఒకటి, అలా మెట్లు మెట్లుగా కాల్చి నూనెలో ముంచి, గుడ్డలో చుట్టి వైస్‌లో బిగించి సుత్తితో విరవండి. కంటికి అద్దాలు తప్పనిసరి. వేడి చాలని ముక్క విరగకుండా వంగుతుంది. సరైన ముక్క ‘టక్’మని తెగి, విరిగిన చోట బూడిద రంగు మఖమలులా మెత్తగా కనిపిస్తుంది. వేడి ఎక్కువైనదాంట్లో మీరు చూసిన పంచదార పలుకులు వస్తాయి. నాలుగూ వంగితే ఆ ఉక్కులో తగినంత కార్బన్ లేనట్టే, పారేయండి. సందేహం ఉంటే కొన్న ఉక్కుకూ ఇదే పరీక్ష చేయవచ్చు.

వాడి వాడి అలసిన పట్టీలో కంటికి కనిపించని నెర్రలు ఉంటాయన్న మాట నిజం. వంపు తిరిగిన నడుమ భాగంలో, నడిబోల్టు రంధ్రం దగ్గర అవి ఎక్కువ. ఆ చోట్లను వదిలి కొసల నుంచి కోసుకోవాలి. వీటితో పోలిస్తే హాక్సా బ్లేడు, గుండ్రటి రంపం బ్లేడు మరింత అనుమానించదగినవి. ఈనాటి హాక్సా బ్లేడ్లలో చాలావాటికి పళ్ల అంచు మాత్రమే హైస్పీడ్ ఉక్కు, వీపు వేరే ఉక్కు. కార్బైడ్ పళ్లు అతికించిన రంపాల్లో గట్టి భాగం ఆ పళ్లే, మిగతా పళ్లెం కత్తికి పనికి రాకపోవచ్చు. పాత ఆకురాళ్లలోనూ పైపొర మాత్రమే గట్టిపరచిన చవక రకాలు ఉంటాయి, వాటిని అరగదీస్తే లోపల మెత్తని ఇనుమే మిగులుతుంది.

ప్రశ్న అడిగినవారి నుంచి

ముగ్గురికీ కృతజ్ఞతలు. 2.5 మిల్లీమీటర్ల మందమున్న 1084 పలక తెప్పించాను. ముక్కలు విరిచి చూసే పరీక్ష ముందు చేశాను. రెండో ముక్క దగ్గర ఆ మఖమలు బూడిద రంగు కనిపించింది, పగిలిన ఆకురాయి పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే జాతి ఉక్కు అంటే నమ్మలేకపోయాను. నీడ కదలడం మొదటి రెండుసార్లు కనిపించలేదు. లైటు ఆర్పేశాక మూడోసారి స్పష్టంగా చూశాను.

అలుగును ముంచి తీశాక రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది, ఆకురాయితో గీస్తే కాస్త లోహం రాలింది, మళ్లీ మెత్తగానే మిగిలిందేమోనని కంగారు పడ్డాను. రెండోది, అలుగు మొన వైపు సుమారు రెండు మిల్లీమీటర్లు ఒక పక్కకు వంగింది. మీరు చెప్పినట్టు ఆలస్యం చేయకుండా ఓవెన్‌లో పెట్టి మొదటి విడత టెంపరింగ్ పూర్తి చేశాను. ఇప్పుడు చేత్తో వంచి సరిచేయవచ్చా?

రెండో జవాబు రాసినవారి నుంచి

మీరు గీసింది కార్బన్ కాలిపోయిన పైపొర అయి ఉంటుంది. ఒక చోట గరుకు కాగితంతో ఆ పొరను పూర్తిగా తీసి, లోపలి మెరుపు బయటపడ్డాక మళ్లీ గీయండి. టెంపరింగ్ ఒక విడత అయింది కనుక కొత్త ఆకురాయి ఆ లోపలి ఉక్కు మీద కొద్దిగా పట్టినా ఆశ్చర్యం లేదు, కాని కొరకలేక జారుతున్నట్టే ఉండాలి. అక్కడా సులువుగా లోహం రాలితే అప్పుడు ఆలోచించాలి.

చల్లని అలుగును చేత్తో వంచకండి. 60 గట్టిదనం దగ్గర అది వంగినట్టే వంగి చటుక్కున విరుగుతుంది. నూనెలోంచి తీసిన మొదటి కొన్ని క్షణాల్లో, వేడి 220 దరిదాపులకు దిగేలోపు మార్టెన్‌సైట్ ఇంకా మొదలు కాదు కనుక తొడుగులేసుకున్న చేతులతోనే సరిచేసే వీలు ఉండేది, ఆ అవకాశం దాటిపోయింది. ఇప్పుడు రెండో విడతను వాడుకోండి. అలుగును తిన్నని మందపాటి ఇనుప పట్టీ మీద పెట్టి, వంగిన చోట కింద సన్నని ఇనుప ముక్క ఒకటి ఆసరాగా ఉంచి, వంకరకు ఎదురు దిశలో మూడు నాలుగు మిల్లీమీటర్లు వంగేలా సీ-క్లాంపులతో బిగించండి. బిగింపు కొంచెం కొంచెంగా పెంచాలి. అలాగే ఓవెన్‌లో 200 దగ్గర రెండు గంటలు ఉంచి, క్లాంపులు విప్పకుండానే పూర్తిగా చల్లారనివ్వండి. విప్పాక ఇంకా కొంత వంకర మిగిలితే ఎదురు వంపు ఒక మిల్లీమీటరు పెంచి మూడో విడత పెట్టండి, అదే వేడిలో ఇంకో విడత వల్ల గట్టిదనం చెప్పుకోదగినంత తగ్గదు.

పదును పెట్టాక ఇత్తడి కడ్డీని వైస్‌లో అడ్డంగా బిగించి, అంచును దాని మీద పదిహేను ఇరవై డిగ్రీల వాలుగా ఆనించి నొక్కుతూ లాగండి. వెలుతురు ఎదురుగా పడేలా చూస్తే నొక్కిన చోట అంచు సన్నగా ఉబ్బి, వదలగానే యథాస్థితికి రావాలి. పెచ్చు లేస్తే 215 దగ్గర ఇంకో విడత పెట్టండి. ఒరిగి అలాగే ఉండిపోతే అంచు మరీ పలుచగా అరగదీశారేమో ముందు చూడండి, ఆ తరువాతే టెంపరింగ్‌ను అనుమానించండి.